కుడి మడమ కింది పెడల్

మా ఆయన ఎడమ తుంటి విరిగిన ఏడాది నేను ట్రాక్టర్ నేర్చుకున్నాను. పత్తి బోరాల మీద తాడు బిగిస్తూ ఆయన ట్రాలీ పైనుంచి జారిపడ్డాడు. ఆదిలాబాద్‌లో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఏడాది దాకా క్లచ్ తొక్కవద్దని డాక్టర్ చెప్పాడు. ట్రాక్టర్‌కు క్లచ్ ఎడమ కాలి కిందే ఉంటుంది.

మాది బోథ్ దగ్గర ఒక పల్లె. భూమంతా నల్లరేగడి. రోహిణి కార్తెలో దున్నకపోతే ఆ తర్వాత వాన మన మాట వినదు. ముందు డ్రైవర్‌ను పెట్టుకుందామనుకున్నాం. కానీ ఆ పదిహేను రోజుల్లో ఊళ్లో అందరికీ డ్రైవర్లు కావాలి. వచ్చిన ఒకాయన రెండో రోజుకే వేరే ఊరి పని ఒప్పుకొని వెళ్లిపోయాడు. మూడో రోజు పొద్దున నేనే ఎక్కి సీట్లో కూర్చున్నాను. మా అత్త వాకిట్లో నిలబడి చూసింది. "కొంగు చక్రంల పడకుంట నడుముకు చుట్టుకో," అంది.

నాకు యంత్రాలంటే భయం లేదు. కరీంనగర్ దిక్కున మరమగ్గాలు నడిచే ఊళ్లో పుట్టాను. మా బాపు కూలికి మగ్గాలు నడిపేవాడు. ఒక్కడే ఎనిమిది మగ్గాల మధ్య తిరుగుతుంటే నేను కండెలు అందించేదాన్ని. ఏ మగ్గానికి పోగు తెగిందో ఆయన చూడకుండానే చెప్పేవాడు. మా అత్తగారివాళ్లు ఎప్పుడో తాతల కాలంలోనే మగ్గం విడిచి భూమి పట్టుకున్నారు. పెళ్లయి వచ్చాక పదహారేళ్లు నేను ఆ భూమి మీద కలుపు తీశాను, విత్తనం పెట్టాను, పత్తి ఏరాను. ట్రాక్టర్ మాత్రం మా ఆయనది. దాన్ని కడిగేది కూడా ఆయనే.

ఆయన చేను గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేయించుకొని, చేతికర్ర పక్కన పెట్టుకొని నాకు నేర్పాడు. గేర్లు చెప్పాడు. కల్టివేటర్‌ను ఎత్తి దించే లివర్ చూపించాడు. కుడి కాలి కింద రెండు బ్రేకులు ఎందుకున్నాయో చెప్పాడు. ఒకటి ఎడమ చక్రానిది, ఒకటి కుడి చక్రానిది. సాలు చివర మలుపు తిప్పేటప్పుడు లోపలి చక్రం బ్రేకు మాత్రమే తొక్కితే బండి ఉన్నచోటనే తిరిగిపోతుంది. రోడ్డు మీద మాత్రం రెంటినీ కలిపి కొక్కెం వేయాలి. నాలుగు రోజుల్లో నా సాళ్లు తిన్నగా పడ్డాయి.

సీటు కింద కుడి పక్కన ఇంకొక పెడల్ ఉంది. చిన్నది. మడమ సరిగ్గా దాని మీదికే వస్తుంది. దాని మీద మట్టి గడ్డకట్టి ఉంది, రంగు కూడా కనబడటం లేదు.

"గిదేంది?" అని అడిగాను.

"అది ముట్టకు."

"ఎందుకు?"

"ముట్టకంటే ముట్టకు. దానితోని బండి ఆగమైతది."

నేను మళ్లీ అడగలేదు. తెలియని పనిముట్టు ఇంట్లో ఉంటే దాని పక్కనుంచి తిరగడం అందరికీ అలవాటే.

మృగశిరలో పత్తి గింజలు పెట్టాం. వానలు బాగా పడ్డాయి, పల్లపు చేనులో మరీ ఎక్కువ పడ్డాయి. రెండెకరాల్లో మొలక నీళ్ల కింద మురిగిపోయింది. ఆ రెండెకరాలు మళ్లీ దున్ని సోయా వేయాలనుకున్నాం. నాలుగు రోజులు ఎండ కాసింది. పైన పెళ్ల ఆరినట్టే ఉంది. మా ఆయన ఆ రోజు తుంటి చూపించుకోవడానికి ఆదిలాబాద్ వెళ్లాడు. నేను ఒక్కదాన్నే బండి తీసుకొని పల్లపు చేనులోకి దిగాను.

మూడో సాలులో కుడి చక్రం దిగబడింది. ఎడమ చక్రం గట్టి నేల మీదే ఉంది, కానీ కదలడం లేదు. కుడిది మాత్రం ఉన్నచోటనే గిర్రున తిరుగుతోంది. ఇలాంటప్పుడు మా ఆయన ఏం చేస్తాడో చూశాను. తిరిగే చక్రం బ్రేకును సగం తొక్కి పట్టుకుంటాడు. దానికి అడ్డం పడితే బలం రెండో చక్రానికి పోతుంది. నేనూ అలాగే తొక్కాను. బండి ఒకసారి మూలిగి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసి రేస్ పెంచాను. చక్రం ఇరుసు దాకా మునిగింది. నల్లటి బురద వెనక్కి నా తలంత ఎత్తుకు ఎగిరిపడుతోంది.

అప్పుడు ఆ పెడల్ గుర్తొచ్చింది. గుర్తొచ్చిందంటే మడమ దానికి తగులుతూనే ఉంది. ఇక్కడ ఒక చక్రం తిరుగుతోంది, ఒకటి తిరగడం లేదు, ఇక్కడే ఎవరో ఒక పెడల్ పెట్టారు. దీనికోసమే పెట్టి ఉంటారనుకున్నాను. అంతవరకు నా ఆలోచన సరైనదే. చేసిన తప్పేమిటంటే, రేస్ తగ్గించకుండా, చక్రం గిర్రున తిరుగుతుండగానే పెడల్‌ను బలంగా తొక్కాను.

సీటు కింద గరగర చప్పుడు వచ్చింది. ఆ వెనకే ఒక ఇనుప ముక్క విరిగిన చప్పుడు. నేను వెంటనే క్లచ్ తొక్కి ఇంజన్ బంద్ చేశాను. దిగి చేను గట్టు మీద కూర్చున్నాను. 

పక్క చేను వాళ్లు తమ ట్రాక్టర్‌తో గొలుసు కట్టి మా బండిని బయటికి లాగారు. అలాగే మెల్లగా ఇంటి ముందుకు చేర్చారు. సాయంత్రం మా ఆయన ఆటో దిగి బండిని చూశాడు, నన్ను చూశాడు. "ముట్టకని చెప్పిన," అన్నాడు. ఆ రాత్రి అన్నం తిన్నాడు, పడుకున్నాడు. మరుసటి రోజంతా నాతో మాట్లాడలేదు.

ట్రాక్టర్లు బాగుచేసే మిస్త్రీ వచ్చింది ఆ మరుసటి రోజు. ఆయనది భైంసా. పెద్దవాడు, బోథ్‌లో షెడ్డు పెట్టుకొని చాలా ఏళ్లయింది. అందరం చాచా అంటాం. ఆయన నేను చెప్పిందంతా నిలబడే విన్నాడు. చప్పుడు రాగానే ఇంజన్ ఆపానని చెప్పినప్పుడు తల ఊపాడు.

"గది మంచి పని చేసినవ్ బిడ్డా. ఇరిగిన ముక్క పెద్ద పండ్ల చక్రంల పడితే మొత్తం డబ్బనే పోతుండె. ఫికర్ జెయ్యకు, చూస్తం."

రోజంతా విప్పడంతోనే సరిపోయింది. వెనక చక్రాలు తీసి, నూనె దించి, వాడలోని నలుగురు మగవాళ్ల సాయంతో ఒక పక్క ఇరుసు గొట్టాన్ని బయటికి లాగాడు. దించిన నూనెలోంచి గోరంత ఇనుప ముక్కలు రెండు దొరికాయి. మా ఆయన అరుగు మీద మంచంలో కూర్చొని చూస్తున్నాడు. నేను చాచా పక్కన కూర్చున్నాను. ఆయన అడగకుండానే పానాలు అందించాను. కాసేపటికి ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు.

"కళ్లంల ఎడ్లను తిప్పుడు చూసినవా? లోపలి ఎద్దు ఉన్నకాడనే చిన్నగ తిరుగుతది. బయటి ఎద్దు ఉరకాలె. రెండిటి నడక ఒక్కటే అయితే తిరుగుతయా?"

"తిరగయి."

"బండి మలిపినప్పుడు చక్రాలు గూడ గంతే. బయటిది ఎక్కువ తిరగాలె, లోపలిది తక్కువ తిరగాలె. అందుకని రెండిటి నడుమ గిది పెట్టిన్రు."

ఆయన చూపించింది పళ్లున్న పెద్ద చక్రానికి బిగించిన ఒక ఇనుప డబ్బా. ఇంజన్ తిప్పేది ఆ పెద్ద చక్రాన్ని. దానితో డబ్బా తిరుగుతుంది. డబ్బా లోపల చిన్న పళ్ల చక్రాలున్నాయి. రెండు చెరొక ఇరుసుకు పట్టుకొని ఉన్నాయి. వాటి నడుమ ఇంకో రెండు, అటూ ఇటూ దొర్లడానికి. తిన్నగా పోతున్నప్పుడు నడిమివి దొర్లవు, అన్నీ డబ్బాతో కలిసి ఒక్కటిగా తిరుగుతాయి. మలుపులో అవి దొర్లి, లోపలి చక్రానికి తగ్గించినంత బయటి చక్రానికి కలుపుతాయి.

"మరి దిగబడితే ఏమైతది చాచా?"

"దానికి బురదని తెలుస్తదా? ఏ చక్రం సులువుగ తిరుగుతదో తిరుగుడంత దానికే ఇస్తది. గట్టిగున్నది గట్టిగనే కూసుంటది. అందుకే లాక్."

లాక్ అంటే నేను తాళం లాంటిది ఏదో ఉంటుందనుకున్నాను. చూస్తే అది ఇరుసు మీద ముందుకూ వెనక్కీ జరిగే ఒక ఇనుప కడియం. దాని ముఖం మీద మొద్దుగా పళ్లున్నాయి. డబ్బా పక్కన కూడా అలాంటి పళ్లే ఉన్నాయి. పెడల్ తొక్కితే పంగలాంటి ఒక ఫోర్కు ఆ కడియాన్ని డబ్బా మీదికి తోస్తుంది. పళ్లు పళ్ల సందుల్లో కూర్చుంటాయి. అప్పుడు ఆ పక్క ఇరుసు డబ్బాకు అంటుకుపోయినట్టే. ఒక ఇరుసు అంటుకుపోతే నడిమి చక్రాలు దొర్లలేవు. అవి దొర్లకపోతే రెండో ఇరుసు కూడా డబ్బాతోనే తిరగాలి. ఎక్కడ పట్టు దొరికితే అక్కడ చక్రం నేలను పట్టుకుంటుంది. కాలు తీస్తే ఒక స్ప్రింగు కడియాన్ని వెనక్కి లాగుతుంది.

మా కడియానికి రెండు పళ్లు విరిగి ఉన్నాయి. చక్రం గిర్రున తిరుగుతుంటే పళ్లు సందుల్లో పడవు, ఒకదాని మీద ఒకటి కొట్టుకుంటాయి. చాచా ఆ కడియాన్ని గుడ్డతో తుడిచి వెలుతురుకు పట్టి చూశాడు. మిగిలిన పళ్లలో ఒకదాని అంచు మీద వేలు పెట్టాడు. అక్కడ చిన్న నొక్కు ఉంది, దాని మీద నూనె నల్లగా మాడి పట్టుకొని ఉంది.

"గీ దెబ్బ మొన్నటిది కాదు. పాతది. ఎప్పుడో ఒక్కసారి వాడిన్రు, గా ఒక్కసారి గూడ గలత్ వాడిన్రు."

నేను అరుగు వైపు చూశాను. మా ఆయన చేతికర్ర తీసుకొని లేచి ఇంట్లోకి వెళ్లిపోయాడు.

కొత్త కడియం తెప్పించి బిగించడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. అంతా అయ్యాక చాచా వెనక రెండు చక్రాలనూ జాకీల మీద గాలిలోనే ఉంచాడు. గేరు వేసి, "కుడి చక్రం ముందుకు తిప్పు," అన్నాడు. రెండు చేతులతో తిప్పాను. ఎడమ చక్రం వెనక్కి తిరిగింది. ఇన్నేళ్లుగా అదే బండి పక్కన తిరుగుతూ ఆ సంగతి నాకు తెలియదు. తర్వాత న్యూట్రల్ చేసి, తాను పెడల్ మీద కాలు పెట్టి మళ్లీ తిప్పమన్నాడు. కొద్దిగా తిరిగేసరికి లోపల టక్కుమంది. ఆ తర్వాత రెండు చక్రాలూ ఒకే వైపు, ఒకే వేగంతో తిరిగాయి.

"ఇన్నవా? తొక్కంగనే పడదు. పన్నుకు పన్ను ఎదురొస్తే ఆగుతది, జర కదిలితే సందుల పడ్తది. అందుకే ముందుగాల క్లచ్ తొక్కి చక్రం ఆపాలె. గప్పుడు గిది తొక్కి పట్టుకోని, క్లచ్ చిన్నగ ఇడువాలె. సీదా పోవాలె. మలుపద్దు. గట్టి నేల మీద, రోడ్డు మీద అసలే అద్దు. బయటవడ్డంక కాలు తియ్యాలె."

"తీస్తే ఎల్లిపోతది గదా?"

"ఒక్కొక్కసారి పోదు. చక్రాల మీద బరువుంటే పండ్లు ఒకదాన్నొకటి ఒత్తి పట్టుకుంటయి. స్ప్రింగుకు అంత బలముండదు. గప్పుడు స్టీరింగ్ సీదా చేసి క్లచ్ తొక్కు. ఒత్తుడు వోతే అదే ఇడుస్తది."

ఆయన ఈ మాట అరుగు వైపు తిరిగి కొంచెం గట్టిగానే చెప్పాడు. మా ఆయన వింటున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం చాచా వెళ్లాక, అత్త వసారాలో కందిపప్పు ఏరుతుంటే, మా ఆయన మంచంలోంచే చెప్పాడు. ఎవరూ అడగలేదు.

బండి కొన్న మొదటి ఏడు. అప్పటికి మామ బతికే ఉన్నాడు. ఇద్దరూ ఎరువు దించి ఖాళీ ట్రాలీతో వస్తున్నారు, మామ కుడి మడ్‌గార్డ్ మీద కూర్చున్నాడు. దారిలో నీళ్లు నిలిచిన చోట చక్రం జారింది. షోరూమ్‌లో ఎవరో చెప్పిన మాట గుర్తొచ్చి మా ఆయన ఆ పెడల్ తొక్కాడు. బండి బయటికి వచ్చింది. కాలు తీశాడు. ఎదురుగా మలుపు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినా బండి తిన్నగానే పోయింది. ముందు చక్రాలు పక్కకు తిరిగి మట్టిని దోస్తూ పోతున్నాయి, వెనకవి వాటి మాట వినలేదు. బండి కాలువ గట్టెక్కి ఒక పక్కకు వాలింది. మామ దూకాడు. ఎడమ చెయ్యి ఒంటి కింద పడి విరిగింది.

ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా చాపలేకపోయాడని నాకు తెలుసు. నేను కాపురానికి వచ్చేసరికే ఆయన రెండు చేతుల పని కూడా కుడి చేత్తోనే చేసేవాడు. మడ్‌గార్డ్ మీద కునికిపాటు పడి జారిపడ్డానని నాకూ చెప్పాడు, ఊరందరికీ చెప్పాడు. పోయేదాకా అదే మాట మీద ఉన్నాడు.

"బాపే అట్ల చెప్పుమన్నడు," అన్నాడు మా ఆయన. "కొత్త బండి పడగొట్టిండని నన్ను నలుగురు అనొద్దని. నేను నీకు గూడ చెప్పలే అవ్వా."

అత్త చేట ఆపలేదు. "నాకెరుకనే," అంది.

"బాపు చెప్పిండా?"

"ఆయనెందుకు చెప్తడు? పొద్దుగాల తొమ్మిది గొట్టంగ కునుకువట్టి పడ్డనన్నడు. ఆయన పగటిపూట పండుకున్నది నా పెండ్లయిన కాన్నుంచి నేనెన్నడు చూడలే." మళ్లీ పప్పు ఏరుకుంది. కాసేపాగి, "గా పెడల్ గురించి నాకేం దెల్వది. చెయ్యి ఇరిగింది ఆయనది, చెప్పనన్నది ఆయన. నేనడుగుడెందుకని ఊకున్న," అంది.

మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను బండి మీది మట్టి గీకడానికి బయటికి వెళ్లాను. ఆ పెడల్‌ను నీళ్లతో కడిగితే ఎర్ర రంగు బయటపడింది.

ఆ ఏడు పత్తి మొదటి ఏరుడు మొదలైన వారానికే తుపాను ముసురు పట్టింది. రెండో రోజు మధ్యాహ్నానికి ఇక లాభం లేదని, ఏరినంతవరకు బోరాల్లో నింపి తాటిపత్రి కప్పి బయల్దేరాం. ట్రాలీలో పదకొండు మంది కూలీ ఆడవాళ్లు బోరాల పక్కన కూర్చున్నారు. మా చేనుకూ ఊరికీ మధ్య ఒక చిన్న వాగు ఉంది. పొద్దున మడమల లోతు ఉన్న నీళ్లు అప్పటికి మోకాళ్ల కింది దాకా వచ్చాయి. ఆలోచించి ఆడవాళ్లందరినీ దింపాను. వాళ్లు చేతులు పట్టుకొని ముందే దాటి అవతలి ఒడ్డున నిలబడ్డారు.

నేను రెండో గేరులో దిగాను. నీళ్లు దాటాను. అవతలి ఒడ్డు ఎక్కుడులో ఎడమ చక్రం జారింది. ఒడ్డు మీద ఇద్దరు మగవాళ్లు ఉన్నారు. ఒకాయన రేస్ పెంచమని చెయ్యి ఊపుతున్నాడు. ఒకాయన వెనక్కి రమ్మంటున్నాడు. నేను క్లచ్‌నూ బ్రేకులనూ తొక్కి పట్టుకున్నాను. చక్రం ఆగింది. గేరు మొదటిదానికి దించాను. మడమతో పెడల్ నొక్కి పట్టి, బ్రేకుల మీది మునివేళ్లు తీస్తూ క్లచ్ చిన్నగా వదిలాను. టక్కుమన్నది చెవికి వినపడలేదు, మడమకు తెలిసింది. బండి ఒకసారి కుదిపి, రెండు చక్రాలతో నేలను పట్టుకొని, మెల్లగా ఒడ్డెక్కింది.

పైన దారి ఎడమకు తిరుగుతుంది. ఎదురుగా ఒకరి బోరు మోటారు, దాని స్టార్టర్ డబ్బా కట్టిన కర్ర. నేను కాలు తీశాను, స్టీరింగ్ ఎడమకు తిప్పాను. బండి తిరగలేదు. ట్రాలీ ఇంకా ఎక్కుడులోనే ఉంది, బరువంతా వెనక్కి లాగుతోంది. ముందు చక్రాలు బురదను పక్కకు దోస్తూ ఆ కర్ర మీదికే పోతున్నాయి.

భయపడ్డానా అంటే ఆ కాస్తసేపట్లో భయానికి తావు దొరకలేదు. ముందు ట్రాలీ ఎక్కుడు దాటాలి, అంతవరకు తిన్నగానే పోనివ్వాలి అనుకున్నాను. స్టీరింగ్ తిన్నగా చేశాను. ట్రాలీ చక్రాలు ఒడ్డు మీదికి వచ్చిన కుదుపు వీపుకు తగిలింది. అప్పుడు క్లచ్ తొక్కాను. కింద పెడల్ పైకి ఎగిరి నా మడమను కొట్టింది. రెండు బ్రేకులూ కలిపి తొక్కాను. బండి ఆగింది. బానెట్‌కూ ఆ కర్రకూ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా ఉంది.

వెనక్కి తీసి, దారికి తిప్పి, ఆడవాళ్లను ఎక్కించుకున్నాను. వాళ్లలో పెద్దామె మహారాష్ట్ర సరిహద్దు నుంచి వచ్చిన మనిషి. నన్ను మరాఠీలో వదినె అన్నట్టు వైనీ అని పిలుస్తుంది. ఎక్కుతూ, "వైనీ, గా మోటరును మొక్కేతందుకు వోయినవా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

ఇంటికొచ్చి మా ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మొత్తం విన్నాడు. తర్వాత ఒకటే అడిగాడు.

"ముందుగాల స్టీరింగ్ సీదా చేసినవా, క్లచ్ తొక్కినవా?"

"స్టీరింగ్."

"ట్రాలీ ఎక్కినంకనే క్లచ్ తొక్కినవా?"

"ఎక్కినంకనే. ముందే తొక్కితే వెనకకు వోదా?"

 "గప్పుడు మాది ఖాళీ ట్రాలీ. క్లచ్ తొక్కితే అయిపోతుండె," అన్నాడు.  టీ పెట్టడానికి లోపలికి వెళ్లాను.

మరుసటి రోహిణికి డాక్టర్ ఒప్పుకున్నాడు. మా ఆయన మళ్లీ సీటెక్కాడు. మొదటి వారం నేను కూడా వెంట వెళ్లేదాన్ని, తర్వాత మానుకున్నాను. పైచేను ఆయన, రోడ్డు పనులు నేను, అలా ఎవరూ అనకుండానే పంచుకున్నాం. పల్లపు చేను సోయాకు దున్నాల్సిన రోజు ఆయనే తాళంచెవి తీసుకున్నాడు.

ఆ రోజు నేను పక్క మడిలో కంది గింజలు పెడుతున్నాను. బండి చప్పుడు మధ్యలో ఆగింది. తల ఎత్తి చూశాను. నీళ్లు ఊరే జాలు ఉన్న చోట కుడి చక్రం కొద్దిగా దిగి ఉంది. ఆయన క్లచ్ మీద కాలు పెట్టి, కిందికి వంగి పెడల్ వైపు చూస్తున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. లేచి వెళ్లనా అనుకున్నాను, వెళ్లలేదు. తర్వాత ఆయన నిటారుగా కూర్చున్నాడు. బండి మెల్లగా లేచి, తిన్నగా ముందుకు పోయి, గట్టి నేల మీదికి వచ్చి ఆగింది. అక్కడ ఒకసారి క్లచ్ తొక్కి, ముందు చక్రాలను అటూ ఇటూ తిప్పి చూసుకొని, మళ్లీ కదిలాడు.

మధ్యాహ్నం గట్టు మీద కూర్చొని అన్నం తిన్నాం. జాలు దగ్గర నాలుగు సాళ్లు వంకరపోయాయన్నాడు. పోతే పోనీ, గింజకేం తెలుస్తుందన్నాను. ఆయన చెయ్యి కడుక్కొని ఇంకో నాలుగు సాళ్లు దున్ని వచ్చాడు. సోయా మొలిచాక చూస్తే జాలు దగ్గరి ఆ నాలుగూ వంకరగానే మొలిచాయి, మిగతావాటితో పాటే పెరిగాయి.